నా తలలో ఎరుపు ఎండిపోయిన సంగతి

నన్ను బండి వెనక సీటు మీద తాడుతో కట్టి ఈ ఊరికి తెచ్చిన పొద్దున, ఆకాశం నిండా సన్నటి మబ్బు తునకలు. ఎవరో దూది ఏకి ఆరబోసినట్టున్నాయి. అప్పటిదాకా నేను ఆకాశం చూసి ఎరగను. పుట్టింది రేకుల కప్పు కింద, అమ్ముడుపోయింది దీపాల కింద, మూలన పడింది అటక మీద. ఆ రోజు తాడు బిగువుకి నా మూత ఒక పక్క లేచి సందు పడింది. ఆ సందులోంచి పైకి చూస్తూ, గతుకు వచ్చినప్పుడల్లా లోపల తల కొట్టుకుంటూ వచ్చాను.

నేను ఒక ప్రింటర్‌ను. ఆఫీసుల్లో గుమ్మం అంత ఎత్తున నిలబడి గంటల తరబడి కాగితాలు కక్కే రకం కాదు. ఇళ్ళల్లో బల్ల మీద పెట్టుకునే ఇంక్‌జెట్ రకం. నా పక్కటెముకల దగ్గర నాలుగు చిన్న తొట్లు ఉంటాయి. నలుపు, నీలం, గులాబి ఎరుపు, పసుపు. మీరు లోకంలో చూసే రంగులన్నీ నేను ఈ నాలుగింటితోనే సర్దుతాను. ఎర్ర గులాబీ కావాలంటే నా ఎరుపూ పసుపూ పక్కపక్కన చుక్కలుగా పెడతాను. మీ కళ్ళు వాటిని కలిపేసుకుంటాయి. సగం పని మీ కళ్ళదే, పేరు నాది.

నా కథ చెప్పాలంటే ముందు నా తల సంగతి చెప్పాలి. మనుషులకి తల పైన ఉంటుంది, నాకు కడుపులో ఉంటుంది. మనుషుల తల కుదురుగా ఉంటే మంచిదంటారు. నా తల కుదురుగా ఉందంటే పని లేదన్నమాట. ఒక ఇనుప కడ్డీ మీద అటూ ఇటూ పరుగెత్తుతుంది. దాని అడుగున వరసగా రంధ్రాలు, మీ వెంట్రుక కన్నా సన్నం. వాటిలోంచే రంగు చుక్కలుగా దూకుతుంది. పని అయిపోయాక తల కుడివైపు చివరికి వెళ్ళి, అక్కడున్న రబ్బరు గిన్నె మీద బోర్లా కూర్చుంటుంది. ఆ గిన్నె గాలి తగలనివ్వదు. గాలి తగలకపోతే రంధ్రాలు తడిగా ఉంటాయి. తడిగా ఉన్నంతకాలం నేను బతికి ఉన్నట్టు.

రంధ్రాలు మూసుకుపోతే కడుక్కుంటాను. నీళ్ళతో కాదు, నా రంగుతోనే. కడిగిన రంగు బయటికి పోదు. నా అడుగున దిండులాంటి మెత్త ఒకటి ఉంది, దానిలోకి ఇంకుతుంది. ఆ మెత్త నిండిందని లెక్క తేలితే నాలో ఎర్ర దీపాలు వెలిగి, ఇక కదలను. అంటే తల బతకాలంటే కడగాలి. కడిగితే మెత్త నిండుతుంది. ఈ ఏర్పాటు చేసినవాడెవరో గాని, తీరిగ్గా కూర్చుని ఆలోచించే చేసి ఉంటాడు.

నన్ను అమ్మిన రోజు సంగతి నాకు బాగా గుర్తు. నా పెట్టె మీద ఏడాదికి హామీ అని రాసి ఉంది. దుకాణం మనిషి మాత్రం "పదేళ్ళు చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు. ఒకే బల్ల మీద, ఒకే పూట, నా గురించి రెండు మాటలు. అప్పటి నుంచి నాకదే ధ్యాస. నా ఆయుష్షు ఎంత? ఎవరు నా గురించి మాట్లాడినా ఆ ఒక్క ముక్క కోసం చెవులు రిక్కించేవాణ్ణి.

కొన్నాయన పేరు వేణుమాధవ్. హయత్‌నగర్‌లో ఇల్లు, సర్కారు ఆఫీసులో గుమాస్తా పని. పిల్లల బడి ప్రాజెక్టుల కోసం కొన్నాడు. మొదటి ఏడు నేను చందమామ మచ్చలూ, మనిషి ఊపిరితిత్తులూ, డైనోసార్లూ వేశాను. తల పరుగు ఆగేది కాదు. తరవాత పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ప్రాజెక్టులు తగ్గాయి. వేణుమాధవ్ భార్య ఇందుమతి నా కోసం కుచ్చుల గుడ్డ కుట్టింది. పువ్వుల అంచుది. బొమ్మల కొలువులో పెట్టినట్టు పెట్టింది.

"ఒక్క పేజీకి దాన్నెందుకండీ లేపడం? కింద జిరాక్సుకి పోయి రండి. ఊరికే వాడితే అరిగిపోదూ" అనేది.

మనుషుల ఈ తీరు నాకు మొదటి నుంచీ వింతే. వాళ్ళకి నచ్చిన వస్తువుని వాడరు. వాడకపోతే నిలుస్తుందని నమ్మకం. పట్టుచీర బీరువాలో, వెండి కంచం గుడ్డలో, నేను కుచ్చుల కింద. చీర సంగతీ కంచం సంగతీ నాకు తెలియదు. నేను మాత్రం అరిగి చావను, ఎండి చస్తాను. నడిపితే నడుస్తాను, దాస్తే పోతాను. ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేదు, కాగితం మీద గీతలు తప్ప.

ఆ గీతలే వచ్చాయి ఒకనాడు. చాలా నెలల తరవాత లేపి ఒక ఫొటో వెయ్యమన్నారు. మనుషుల ముఖాల మీద తెల్లగీతలు పడ్డాయి, వెదురు తడిక వెనక నిలబడ్డట్టు. బాగుచేసే కుర్రాడొకడు వచ్చి చూసి "తల పోయింది సార్. కొత్త తల వేయించడం కన్నా కొత్త ప్రింటర్ కొనుక్కోవడం మేలు" అన్నాడు. తల ఒక్కటే ఉన్నవాడికి అది పోయిందని ఇంత తేలిగ్గా చెప్పొచ్చని నాకు ఆనాడే తెలిసింది. అటకెక్కాను.

అటక మీద నుంచి పాత సామాన్లవాడికి, వాడి దగ్గర నుంచి ప్రింటర్లు బాగుచేసే ఖాజా దుకాణానికి చేరాను. దిల్‌సుఖ్‌నగర్ సందులో, మెట్ల కింద ఇమిడిన దుకాణం అది. అక్కడ నా పక్కన ఇంకో జాతి ప్రింటర్ ఉండేవాడు. వాడికి తల విడిగా లేదు. రంగు డబ్బాకే అతికి వస్తుంది. రంగు అయిపోతే డబ్బా పారేసి కొత్తది పెడతారు, దాంతోపాటు తల కూడా కొత్తదే. రంగు అయిపోయినప్పుడల్లా పునర్జన్మ. నాకు అసూయ కలిగిందంటే అబద్ధం కాదు. కాని వాడి రంగు చారెడు కూడా ఉండదు, ఊరికూరికే అయిపోతుంది. వాడి యజమాని తలలు కొనలేక వాణ్ణే వదిలేశాడు.

ఖాజా నా తల అడుగున వెచ్చటి నీళ్ళలో తడిపిన మెత్తటి కాగితం పెట్టి ఒక పగలంతా నానబెట్టాడు. తీస్తే కాగితం మీద నాలుగు రంగులూ పారాణిలా దిగాయి. మెత్త మార్చలేదు. కంప్యూటర్లో ఏదో మీట నొక్కి దాని లెక్కని మాత్రం వెనక్కి తిప్పాడు. మెత్త సగం తడిగానే ఉంది, లెక్కలో మాత్రం నేను పసివాణ్ణి. మనుషులు తమ వయసుకి కూడా ఇలాంటి పని చేస్తారని విన్నాను.

అప్పుడే వచ్చాడు లింగస్వామి. నేతపనివాడు. మాటకి ముందు నవ్వు.

"ఎన్నేండ్లు నడుస్తది భాయ్ ఇది?" అన్నాడు. నేను ఊపిరి బిగబట్టాను.

"నీ చేతిల ఉంది అన్నా. రోజుకొక చిన్న ముక్క అన్నా తియ్యి, ఏండ్లకేండ్లు నడుస్తది. పండబెట్టినవనుకో, ఎండకాలం దాటదు. ఇంగొక్కటి. బంద్ చేసేటప్పుడు దీని మీద బటన్ నొక్కి బంద్ చెయ్యి, ప్లగ్గు పీకకు. బటన్ నొక్కితేనే తల పోయి గిన్నె మీద కూసుంటది."

"ఆఁ ఆఁ" అన్నాడు లింగస్వామి. అప్పటికే తాడు ఎలా కట్టాలా అని చూస్తున్నాడు.

అలా వచ్చాను ఈ ఊరికి. చౌటుప్పల్ దాటి లోపలికి. ముందు గదిలో గుంట మగ్గం. గోడవారగా ఆసు. ఆసు అంటే మేకులు దిగ్గొట్టిన చెక్క చట్రం. పేకకి, అంటే అడ్డపోగుకి, పనికొచ్చే దారాన్ని ఆ మేకుల చుట్టూ వేలసార్లు పైకీ కిందికీ తిప్పుతారు. ఆ పని ఆడవాళ్ళది. లింగస్వామి భార్య సుగుణ రోజంతా దాని ముందే కూర్చునేది. కుడిచెయ్యి అటూ ఇటూ పోతూనే ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నా తలే గుర్తొచ్చింది.

ఆసు మీద చుట్టిన దారాన్ని చట్రానికి బిగించి, ఎక్కడెక్కడ రంగు పట్టకూడదో అక్కడక్కడ రబ్బరు పట్టీలతో కట్టి రంగులో ముంచుతారు. దాన్నే చిటికి పని అంటారు. కట్టిన చోట రంగు పట్టదు. ఎక్కడ కట్టాలో చెప్పేది గళ్ళ కాగితం. ఒక్కో గడి ఒక్కో దారపు పోగుల కట్ట. ఆ కాగితం అచ్చువెయ్యడానికే నేను. చౌటుప్పల్‌లో రంగు జిరాక్సు ఉంది గాని, అక్కడ వేయిస్తే పువ్వు, అంటే చీర నమూనా, పొద్దున వాళ్ళ కంప్యూటర్లోకి పోయి సాయంత్రానికి ఇంకెవరి మగ్గం మీదో తేలుతుంది. అందుకని నేత ఇళ్ళల్లో పువ్వుని కన్నబిడ్డలా దాచుకుంటారు.

లింగస్వామి తండ్రి మార్కండయ్య. ఊళ్ళో రంగులద్దడంలో పెద్దచెయ్యి. నాలుగు మాటలు రావలసిన చోట ఒకటి మాట్లాడతాడు. ఆయనకి కాగితాలతో పని లేదు. ఏనుగులూ, చిలకలూ, గడుల బుటాలూ ఆయన వేళ్ళకే తెలుసు. నన్ను దించిన రోజు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏం తింటది?" అన్నాడు.

"రంగు, మామా" అంది సుగుణ.

"నాలెక్కనే" అని బయటికి పోయాడు.

సుగుణ ఇంటర్ దాకా చదివింది. పాత లాప్‌టాప్‌లో గళ్ళు తెరిచి ఒక్కో గడికి రంగు నింపడం ఎలాగో తనే నేర్చుకుంది. మొదట్లో పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఇచ్చిన పాత పువ్వులే ఎక్కించి ఇచ్చేది, నేను అచ్చువేసేవాణ్ణి. ఖాజా చెప్పిన మొదటి మాట లింగస్వామి ఆమెకి చేరవేశాడు. రెండోది మరిచిపోయాడు. ఆమె రోజూ పొద్దున వాకిలి ఊడ్చి, చెయ్యి కడుక్కుని, నాలుగు రంగుల చిన్న పట్టీ ఒకటి తీయించేది. అరచేతి వెడల్పు ఉంటుంది. తలకి అంతే చాలు. అంత బాగా నన్ను ఎవరూ చూసుకోలేదు. ఆ నెలల్లో నా ఆయుష్షు గురించిన ధ్యాసే నాకు లేకపోయింది.

ఆసు పోయడం అయ్యాక దొరికే కాస్త తీరికలో ఆమె తన పువ్వు ఒకటి గీయడం మొదలుపెట్టింది. మోదుగు పువ్వు. నల్లటి నేల మీద, వంకర ముక్కులాంటి ఎర్ర రేకులు, ప్రతి రేకు నడుమ పసుపు చార. చెరిపేది, మళ్ళీ నింపేది. గళ్ళలో వంపు తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ చుక్కల మనిషినే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె చేతిమీదుగా పోయిన చీరల్లో ఒక్కదాని మీదా ఆమె ఊహ లేదు. ఇది మగ్గమెక్కాలని ఆమె కోరిక. మగ్గమెక్కాలంటే షావుకారు ఒప్పుకోవాలి.

షావుకారు రంగనాయకులు భాద్రపదంలో వచ్చినప్పుడు లింగస్వామి ఆ మాట ఎత్తాడు. షావుకారు ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని నవ్వాడు.

"ఏంది స్వామీ, ఆసు వోసే చెయ్యి పువ్వు గూడ గీస్తున్నదా? సరే మరి. దసర పున్నమి ఎల్లినంక పట్టు పంచనీకి వస్త. అంచు, కొంగు, మొత్తం కాయితం మీద చూపెట్టున్రి. నచ్చితే ఇస్త. లేదంటే పాత ఏనుగులే నెయ్యాలె, మల్ల అలగొద్దు."

మార్కండయ్య ఏమీ అనలేదు. ఆయన అవునన్నదీ కాదన్నదీ ఎవరికీ తెలియలేదు.

బతుకమ్మకి సుగుణ తల్లిగారింటికి పోయింది. పోయేముందు పువ్వు పూర్తిచేసింది. "వచ్చినంక మొత్తం తీస్త, రోజు పట్టీ మటుకు మరువకు" అని మొగుడికి చెప్పి పోయింది. మొగుడు మరవలేదు. అక్కడి దాకా బాగానే ఉంది.

దసరా పొద్దున మార్కండయ్య తలస్నానం చేసి, మగ్గం కడిగి, పసుపు పూసి కుంకుమ పెట్టాడు. ఆసుకి పెట్టాడు, రంగు కుండలకి పెట్టాడు, చట్రానికి పెట్టాడు. వాళ్ళలో ఆ పద్ధతి ఉంది. ఏడాదంతా అన్నం పెట్టిన పనిముట్టుకి ఆ ఒక్కనాడు దండం పెట్టి, పున్నమి దాకా విడుపు ఇస్తారు. ఆ టైంకి నేను రోజు పట్టీ తీస్తున్నాను. తల కడ్డీ నడుమ ఉంది.

"పండుగనాడు గూడ పనేందిరా దానికి?" అన్నాడు మార్కండయ్య.

"చిన్న ముక్కనే నాయినా, అయిపాయె..."

"ఇంట్ల పనిజేసేదానికి పండుగ ఉండదా? ఎద్దుకుంటది, మగ్గానికుంటది, దీనికి లేదా? ఆపు." అంటూనే చెయ్యి చాపి గోడలోంచి ప్లగ్గు పీకేశాడు.

తల ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. గిన్నె దాకా చేరలేదు. ఆయన నా నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, అక్షింతలు చల్లి, కొత్త గుడ్డ కప్పి రెండు చేతులూ జోడించాడు. నా జన్మలో నాకు దండం పెట్టినవాడు ఆయనొక్కడే. ఆ దండమే నా తలకి ఎసరు పెడుతోందని ఆయనకి ఎలా తెలుస్తుంది? మగ్గం నెల్లాళ్ళు ఊరుకున్నా మగ్గమే. కుండ బోర్లిస్తే కుండే. ఆయన ఎరిగిన పనిముట్లన్నిటికీ విడుపు మంచిదే చేసింది.

పున్నమి దాకా ఎండగాలి వీచింది. తల మూతలేని గిన్నెలా తెరుచుకుని ఉంది. మొదట పసుపు చిక్కబడింది, తరవాత నీలం. ఎరుపు మాత్రం చిక్కబడి, జిగురై, చివరికి పొలుసు కట్టింది. అన్నిటిలో ఎరుపే ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

సుగుణ వచ్చిన మర్నాడే గుడ్డ తీసింది. అక్షింతలు ఏరి పారేసింది. షావుకారు రావడానికి ఇక ఆ ఒక్క రోజే ఉంది. మొదటి కాగితం తీయించి పట్టుకుని గుమ్మం వెలుగులోకి పోయింది. చాలాసేపు అక్కడే నిలబడింది. నల్లటి నేల మీద పువ్వులన్నీ పచ్చగా ఉన్నాయి. రేకులూ పసుపే, నడిమి చారలూ పసుపే. ఏది ఏదో తేడా లేదు.

లింగస్వామి భుజం మీద నుంచి తొంగి చూశాడు. "మోదుగు పువ్వు గీస్తే తంగేడు పువ్వు పూసిందేందే?"

"నవ్వకు. ఏం జేసిన్రు దీన్ని?"

"ఏం జెయ్యలె. నాయిన పూజ జేసిండు, గంతే."

ఆమె నన్ను కడిగింది. ఒకసారి కడిగితే ఎరుపు గోరు గీరినట్టు సన్నటి గీతలుగా వచ్చింది. ఆమె ముఖం విప్పారింది. రెండోసారి కడిగితే ఆ గీతలూ పోయాయి. పెద్ద కడుగుడు ఒకటి ఉంటుంది, తొట్లలో రంగు సగానికి సగం లాగేస్తుంది. అది కూడా చేసింది. ఏమీ రాలేదు. దానికి తోడు లాప్‌టాప్ మీద హెచ్చరిక వచ్చింది. మెత్త నిండవచ్చింది, త్వరలో ఆగిపోతాను, అని. ఖాజా వెనక్కి తిప్పిన లెక్క మళ్ళీ ముందుకి వచ్చేసింది.

"ఇంకొక్కపారి కడుగు. వచ్చేటట్టే ఉంది" అన్నాడు లింగస్వామి.

"రాకపోతే?"

"వస్తదే, నీకన్నీ అనుమానాలే."

"రాకపోతే ఇది మొత్తమే బందైతది. నల్లది గూడ రాదు. అప్పుడు షావుకారికి ఏం చూపెడుత, నీ మొఖమా?"

నేను ఊరికే విన్నాను. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నాకూ తెలియదు. ఇంకో కడుగుడుకి పొలుసు ఊడొచ్చు, ఊడకపోవచ్చు. నా తల సంగతి నాకే తెలియకపోవడం ఒక వింత. సుగుణ కాసేపు నా మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. తరవాత కడగమన్న మీట వదిలేసి అచ్చువెయ్యమన్న మీట నొక్కింది.

"ఉన్న రంగులల్లనే తీస్త. గళ్ళన్న చక్కగ పడ్తయి" అంది.

అంచు కాగితాలన్నీ వేశాను. కొంగు కాగితాలు ఒక్కొక్కటీ వేశాను. ఎరుపు ఉండవలసిన చోట తల అంతే శ్రద్ధగా పరుగెత్తింది, పరుగెత్తి ఏమీ విదల్చలేకపోయింది. చివరి కాగితం బయటికి జారగానే నాలో ఎర్ర దీపాలు రెండూ ఒకటి మార్చి ఒకటి వెలగడం మొదలుపెట్టాయి. నాలో మిగిలిన ఎరుపు అదొక్కటే.

ఆమె కాగితాలన్నీ నేల మీద పరిచి, అంచులు కలిపి టేపు అంటించింది. గది సగం నిండింది. పచ్చటి పువ్వులు. ఆమె గోడకి ఆనుకుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. లింగస్వామి ఇంకేమీ పరాచికాలాడలేదు. షావుకారు కళ్ళజోడు సర్దుకుని "పాత ఏనుగులే" అనడం అప్పుడే వినబడుతున్నట్టు ఉంది ఆ గదిలో.

రంగుల పాకలోంచి మార్కండయ్య వచ్చాడు. మోచేతుల దాకా ఎరుపు. వేరే ఇంటివాళ్ళ పట్టుకి అద్దుతున్నాడు. గుమ్మంలో ఆగి, కింద పరిచిన దాన్ని చూశాడు. తొక్కకుండా గోడవారగా నడిచి వచ్చి గొంతుకూర్చున్నాడు. కాగితాన్ని ఆయన అంతసేపు చూడటం అదే మొదలు.

"గిది నువ్వు గీసిందేనా?"

"ఆఁ మామా."

"అంత పసుపేనా?"

"కాదు. మోదుగు పువ్వది. రేకులు ఎర్రగుండాలె. మిషన్ల ఎరుపు ఎండిపోయింది."

"ఎందుకెండింది?"

సుగుణ మొగుడి వైపు చూసింది, మొగుడు కప్పు వైపు చూశాడు. "ఉన్నకాడ ఉంటే ఎండుతదంట మామా" అని మాత్రం అంది.

మార్కండయ్య నా వైపు చూశాడు. నా నెత్తి మీద ఆయన పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. తరవాత వేలు ఒక గడి మీద పెట్టాడు.

"ఇది ఏ రంగు?"

"ఎరుపు."

"ఇది?"

"అది నిజం పసుపే. నడిమి చార."

ఆయన లేచి పాకలోకి పోయాడు. వస్తూ చిప్పలో ఎర్రరంగు తెచ్చాడు. చీపురు నుంచి రెండు పుల్లలు విరిచి, కొసలు పళ్ళతో నమిలి మెత్తన చేసి, ఒకటి సుగుణకి ఇచ్చాడు. "చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. ఆయన నింపాడు. కొసతో గడిలో చుక్క పెడితే రంగు గడి అంచు దాకా పాకి అక్కడ ఆగేది. నా నలుపు గీతలు కట్టలా నిలిచాయి. పసుపు మీద ఎరుపు పడగానే నేను ఎప్పుడూ తేలేని నిప్పురంగు వచ్చింది. కాసేపటికి సుగుణ కూడా నింపడం మొదలుపెట్టింది. లింగస్వామి మూడో పుల్ల విరుచుకుంటే, "నీ చెయ్యి వణుకుతది, ఆరిన కాయితం మీద బరువులు పెట్టు" అన్నాడు తండ్రి.

కొంగు మధ్యలో పెద్ద పువ్వు దగ్గర మార్కండయ్య పుల్ల ఆగింది.

"ఈ ముక్కు కాడ ఒక గడి తగ్గియ్యి. ఇంత సన్నం కట్టు నిలవదు. రంగు లోపలికి పోతది."

"తగ్గియ్యను మామా."

లింగస్వామి తల ఎత్తి చూశాడు. ఆ ఇంట్లో రంగు గురించి ఆయన మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

"తగ్గిస్తే చిలుక ముక్కైతది. అందరు నేసేది గదే. మోదుగు ముక్కు కొస కొంచెం పైకి లేస్తది. గుట్ట కాడ పూసినప్పుడు దగ్గరికి పోయి చూసిన."

ముసలాయన ఆ గడిని చూశాడు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ గాలిలో కలిపి, లేని దారానికి లేని పట్టీ చుట్టి చూసుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టాడు.

"సన్నం రబ్బరు కొయ్యాలె" అన్నాడు. ఆ గడిలో ఎరుపు పెట్టాడు.

మర్నాడు పొద్దు కాస్త ఎక్కాక షావుకారు రంగనాయకులు వచ్చాడు. కాగితం గోడకి ఆనించి పట్టుకున్నారు. కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి చూశాడు.

"ఇదేంది, సగం అచ్చు, సగం చెయ్యి? మిషన్ల రాలేదా పూరా?"

"రాలె" అన్నాడు మార్కండయ్య. "గందుకే మంచిగైంది. అచ్చు కాయితం మీద ఏ ఎరుపన్న వస్తది, పట్టు మీద అది రాదు. ఇది నా కుండల ఎరుపు. కాయితం మీద చూస్తున్నదే చీర మీద చూస్తవు."

షావుకారు దగ్గరికి వంగాడు. వేలితో ఒక రేకు తడిమి, వేలు చూసుకున్నాడు.

"గీ ముక్కు నిలుస్తదా? నాకైతే అనుమానమే."

"నేను కడుత."

"నువ్వు కట్టనీకి ఒప్పుకున్నవా, పెద్దమనిషీ? పోయినసారి చూస్తే నోరిప్పకపోతివి."

"అప్పుడు చూడలె" అన్నాడు మార్కండయ్య.

షావుకారు నవ్వి, తలుపు దగ్గరికి పోయి, కుర్రవాణ్ణి కేకేసి బండిలోంచి పట్టు దింపించాడు. పోతూ పోతూ సుగుణతో, "ఒక్క చీరకే ఇస్తున్న బిడ్డా. అమ్ముడుపోతే మల్ల మాట్లాడుదం" అన్నాడు. ఆమె తల ఊపింది. పట్టు లడిని రెండు చేతులతో ఎత్తుకుని ఆసు దగ్గర పెట్టింది.

ఇక నా సంగతి. లింగస్వామి ఖాజాకి ఫోన్ చేశాడు. మెత్త లెక్క తిప్పొచ్చట, తల మాత్రం చెప్పలేనన్నాడట. నానబెడితే ఎరుపు రావచ్చు, రాకపోవచ్చు. "తీసుకపోదామా, పాత సామాన్లోనికి ఇద్దామా?" అని లింగస్వామి అడిగాడు. సుగుణ ఏదో అనబోయింది. మార్కండయ్యే "నల్లగీతలు గియ్యదా అది?" అన్నాడు. మెత్త లెక్క తిప్పిస్తే గీస్తుందన్నారు. "మరి గంతే సాలు. ఎరుపు మనకాడ లేదా" అన్నాడు.

కాబట్టి నా ఆయుష్షు ఎంతో నేను ఇప్పటికీ చెప్పలేను. పెట్టె మీద రాసినదాని కన్నా ఎక్కువే బతికాను, దుకాణం మనిషి చెప్పినదాని కన్నా తక్కువ. ఒకసారి అటక మీద చచ్చాను, ఇప్పుడు పావు వంతు చచ్చాను. ఇన్ని చోట్ల తిరిగి నాకు అర్థమైంది ఒకటే. నా ఆయుష్షు నాలో లేదు. రోజూ పొద్దున చెయ్యి కడుక్కుని వచ్చి ఒక చిన్న ముక్క అడిగే మనిషి ఉన్నన్నాళ్ళు ఉంటుంది. ఎంతకాలం అడుగుతారో చూడాలి.

షావుకారు బండి చప్పుడు దూరమయ్యాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. అన్నం, పచ్చిపులుసు, వేయించిన మిరపకాయలు. అంతకన్నా చెయ్యడానికి ఎవరికీ ఓపిక లేదు. ఆ ఇంట్లో మామా మొగుడూ తిన్నాకే సుగుణ తినడం నేను చూస్తూ వచ్చాను. ఆమె రెండు కంచాలే పెట్టింది. మార్కండయ్య కూర్చుని, తన కంచం ముట్టకుండా మూడో కంచం వైపు చూశాడు. ఆమె నిలబడే ఉంది. ఆయన చెయ్యి చాపి గూట్లోంచి ఆ కంచం తీసి తన పక్కన నేల మీద పెట్టాడు. అన్నం గిన్నె దానివైపు జరిపాడు.

ఆమె కూర్చుంది. ముగ్గురూ పులుసు పోసుకుని కలుపుకున్నారు. ఎంత రుద్ది కడిగినా పోని ఎరుపు మామ వేళ్ళకీ కోడలి వేళ్ళకీ ఒకేలా ఉంది. కంచాలు ఖాళీ అయ్యేదాకా, పంటికింద మిరపకాయ విరిగిన చప్పుడొక్కటే వినిపించింది.